85 శాతం డబ్బు ఉమ్మడి నిధిదే అయినా బాల్టిక్ రైలు ఎందుకు ఇంత ఆలస్యం?

రీగా_కుర్రవాడు

అందరికీ నమస్కారం. చదువు కోసం లాత్వియా రాజధాని రీగా వచ్చి, ఇక్కడే ఉద్యోగంలో స్థిరపడ్డాను. రోజూ ట్రాములో డౌగవా నది దాటి పనికి వెళ్తాను. కిటికీ పక్కన కూర్చుంటే పాత రైలు వంతెనకు దగ్గరలోనే నీళ్లలోంచి లేచిన కొత్త కాంక్రీటు స్తంభాలు కనిపిస్తాయి. ఎస్టోనియా, లాత్వియా, లిథువేనియాలను పోలండ్‌తో కలిపే కొత్త రైలు మార్గం రైల్ బాల్టికా, దాని వంతెన కోసం కట్టినవి అవి. ముందు మూడు దేశాల ప్రధాన మార్గం, రీగా నగరంలోకి వచ్చే పాయ ఆ తర్వాత అని ప్రభుత్వం అంటోంది. స్తంభాలు మాత్రం అలాగే నిలబడి ఉన్నాయి.

పోయిన చలికాలం వార్సా నుంచి విల్నియస్‌కు రైల్లో వచ్చాను. సరిహద్దు దాటాక మొకావా అనే చిన్న స్టేషనులో అందరినీ దించారు. ప్లాట్‌ఫారానికి ఒక వైపు మేము వచ్చిన పోలండ్ బండి, రెండో వైపు మమ్మల్ని తీసుకువెళ్లే లిథువేనియా బండి. మంచులో పెట్టె ఈడ్చుకుంటూ నాలుగు అడుగులు వేసి బండి మారాము. పోలండ్ పట్టాల మధ్య దూరం 1435 మిల్లీమీటర్లు, జార్ల కాలం నుంచి ఇటు వైపున్న వెడల్పు 1520. తేడా 85 మిల్లీమీటర్లు. అరచేయి చాపి చూసుకున్నాను, దాదాపు అంతే ఉంది. ఆ అరచేతి వెడల్పు కోసం రైలు రైలంతా దిగాలి.

టాలిన్ నుంచి పార్ను, రీగా, కౌనస్ మీదుగా పోలండ్ సరిహద్దు దాకా 870 కిలోమీటర్ల కొత్త లైను ఈ బాధ తీర్చాలి. ఖర్చులో 85 శాతం దాకా ఐరోపా సమాఖ్య ఇస్తుందని విన్నాను. మూడు దేశాలు కలిసి 2014లోనే ఉమ్మడి సంస్థ పెట్టుకున్నాయి. డబ్బుంది, సంస్థ ఉంది, అవసరం కళ్లకు కనిపిస్తోంది. మరి అడ్డు ఎక్కడ? ఈ రంగంలో పనిచేసేవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. నిజంగా తెలుసుకోవాలని అడుగుతున్నాను.

---

పట్టాల_పెద్దాయన

బాబూ, నువ్వు చెప్పిన ప్లాట్‌ఫారం చదువుతుంటే నాకు గుంతకల్లు యార్డు గుర్తుకొచ్చింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో మీటర్ గేజి, బ్రాడ్ గేజి రెండూ అక్కడ కలిసేవి. ట్రాన్స్‌షిప్‌మెంట్ షెడ్డులో ఒక వైపు చిన్న వ్యాగను, రెండో వైపు పెద్ద వ్యాగను. మధ్యలో హమాలీలు. వేరుశనగ మూటలు, సిమెంటు బస్తాలు ఒక దాంట్లోంచి తీసి రెండో దాంట్లో వేయాలి. చిరిగిన బస్తాలు ఎన్నో నేను పుస్తకంలో రాయాలి. సాయంత్రానికి ముక్కులో, చెవుల్లో సిమెంటు పొడి. అక్కడ ఒక వ్యాగను నిలబడిందంటే వెనక ఎక్కడో ఒక వ్యాపారి ఎదురుచూస్తున్నాడని అర్థం.

1992లో యూనిగేజి కార్యక్రమం మొదలయ్యాక ఆ షెడ్లు ఒక్కొక్కటే మూతపడ్డాయి. మనకు ఒక సౌకర్యం ఉంది. ఒకే రైల్వే బోర్డు, ఒకే బడ్జెట్టు. ఢిల్లీలో నిర్ణయమైతే గుంతకల్లులో పని మొదలయ్యేది. ఐరోపాలో ఆ నిర్ణయం ఎవరు తీసుకుంటారు? పటం గీసేవాళ్లు ఎవరు, డబ్బు పెట్టేవాళ్లు ఎవరు, కాదనే హక్కు ఎవరికి ఉంది? ముందు ఇది తేలితే తక్కినది తేలుతుంది.

---

ఇసార్_తీరం

పెద్దాయన గారు సరైన చోట పట్టుకున్నారు. నేను మ్యూనిక్‌లో రైలు మార్గాల ప్రణాళిక పనిలో పన్నెండేళ్లుగా ఉన్నాను. తెలిసినంత చెబుతాను.

పటం గీసేది బ్రస్సెల్స్, అంటే ఐరోపా సమాఖ్య కేంద్రం. 1992 నాటి మాస్ట్రిక్ట్ ఒప్పందంతో ఐరోపా స్థాయి రవాణా వలయాలు అనే మాట చట్టంలోకి వచ్చింది. 1994లో ఎస్సెన్ నగరంలో జరిగిన శిఖరాగ్ర సమావేశంలో 14 ముఖ్యమైన పథకాలు ఎంచుకున్నారు. 2004కి అవి 30 అయ్యాయి. ఎవరి ఊరి లైనును వాళ్లు జాబితాలో చేర్పించుకున్నారు తప్ప, అవి ఒకదానితో ఒకటి అతుకుతాయా అని అడిగినవాళ్లు తక్కువ. 2013లో పద్ధతి మార్చారు. ఖండమంతటికీ ఒక పటం వేసి, అతి ముఖ్యమైన మార్గాలు 2030కి, మిగతావి 2050కి పూర్తి కావాలని నిబంధన చేశారు. 2024లో కొత్త నిబంధన వచ్చింది. మధ్యలో 2040 అనే మెట్టు చేర్చి, ఖండాన్ని తొమ్మిది కారిడార్లుగా అల్లారు. 740 మీటర్ల పొడవున్న సరుకు రైళ్లు నడవాలి, ప్రయాణికుల ప్రధాన మార్గాల్లో 2040 నాటికి గంటకు 160 కిలోమీటర్ల వేగం ఉండాలి, కొత్త లైన్లు 1435 కొలతలోనే వేయాలి. ఇలా కొలతలతో సహా రాశారు. రష్యా, బెలారస్ వైపు వెళ్లే గీతలు చెరిపేసి, ఉక్రెయిన్, మాల్డోవా వైపు పొడిగించారు.

ఇంత వివరంగా గీసిన పటానికి సమాఖ్య మూల ఒప్పందంలోనే ఒక పరిమితి ఉంది. 172వ అధికరణ ప్రకారం ఒక దేశం నేల మీద వేసే పథకానికి ఆ దేశం ఒప్పుకోవాలి. ఏ దేశాన్నీ తవ్వమని ఆజ్ఞాపించే అధికారం బ్రస్సెల్స్‌కు లేదు. ఒక్కో కారిడారుకు ఒక సమన్వయకర్త ఉంటారు. ఐరోపా పార్లమెంటు అధ్యక్షుడిగా చేసిన పాట్ కాక్స్ లాంటి పెద్దలు ఏళ్ల తరబడి ఆ పని చేశారు. రాజధానులన్నీ తిరిగి నచ్చజెప్పడమే వాళ్ల చేతిలో ఉన్న ఆయుధం. భూసేకరణ, పర్యావరణ అనుమతి, టెండరు, కోర్టు కేసు ఇవన్నీ ఏ దేశానివి ఆ దేశానివే.

సరిహద్దు దగ్గర ఇంకో చిక్కు ఉంది. ఏ దేశానికైనా తన రాజధాని చుట్టూ వేసే లైనుకు ఓట్లు వస్తాయి. సరిహద్దు కొండల్లో తవ్వే సొరంగంతో లాభపడేది ఎక్కడో దూరంగా ఉన్న మూడో దేశపు రేవు, నాలుగో దేశపు కర్మాగారం. దుమ్ము తినేది అక్కడి పల్లె, అప్పు మోసేది ఆ దేశపు ఖజానా. ఉమ్మడి డబ్బు పుట్టిందే ఈ అంతరం పూడ్చడానికి.

---

లెక్కల_పద్దు

ఆ ఉమ్మడి డబ్బు సంగతి నేను చెబుతాను. హైదరాబాద్‌లో ఆడిట్ వృత్తిలో ఉన్నాను. ఇలాంటి నివేదికలు చదవడం నాకు ఇష్టమైన పని.

కనెక్టింగ్ యూరప్ ఫెసిలిటీ అనే నిధి ఉంది. 2021 నుంచి 2027 దాకా రవాణాకు కేటాయించింది దాదాపు 2,581 కోట్ల యూరోలు. అందులో 1,129 కోట్లు తక్కువ ఆదాయమున్న సభ్య దేశాలకే. వినడానికి పెద్ద మొత్తమే. పథకాల ఖర్చు పక్కన పెడితే తెలుస్తుంది. 2024లో వేసిన కొత్త అంచనా ప్రకారం రైల్ బాల్టికా ఒక్కదానికే మొత్తం 2,380 కోట్ల యూరోలు కావాలి. 2017లో చెప్పిన లెక్క 580 కోట్లు. 2030కి తొలి దశ మాత్రమే పూర్తి చేద్దామన్నా 1,530 కోట్లు. అందులో దాదాపు 1,000 కోట్లు ఎక్కడ నుంచి వస్తాయో తెలియదని మూడు దేశాల ఆడిట్ సంస్థలు కలిసి ఆ ఏడాదే చెప్పాయి.

రీగా_కుర్రవాడు గారు అన్న 85 శాతం దగ్గర పొరపడకూడదు. అది గరిష్ఠ పరిమితి. మామూలు నిర్మాణానికి ఇచ్చేది 30 శాతం, సరిహద్దు దాటే భాగానికి 50 శాతం దాకా, తక్కువ ఆదాయమున్న దేశాలకు 85 శాతం దాకా. అదైనా అర్హత ఉన్న ఖర్చు మీదే. ఒకేసారి చేతిలో పెట్టరు. ప్రకటన వచ్చినప్పుడు దరఖాస్తు పెట్టాలి, పోటీలో గెలవాలి, ఒప్పందం రాసుకోవాలి. కొంత ముందుగా ఇస్తారు, మిగతాది ఖర్చు చూపించాక. గడువులో వాడకపోతే వెనక్కి తీసుకుని వేరే పథకానికి ఇస్తారు.

అసలు చిక్కు ఏడేళ్ల బడ్జెట్టులో ఉందని నా అభిప్రాయం. సమాఖ్య బడ్జెట్టు ఏడేళ్లకు ఒకసారి వేస్తారు. సొరంగానికి ఇరవై ఏళ్లు పడుతుంది. తవ్వడం మొదలుపెట్టిన దేశానికి తర్వాతి రెండు బడ్జెట్లలో ఎంత వస్తుందో ఎవరూ రాసివ్వరు. ఇల్లు కట్టేవాడికి పునాదికి మాత్రమే అప్పు మంజూరు చేసి, గోడల సంగతి తర్వాత చూద్దామన్నట్టు ఉంటుంది. ఎవరికైనా చేతులు వణుకుతాయి.

2020లో సమాఖ్య ఖర్చులను తనిఖీ చేసే ఐరోపా ఆడిటర్ల న్యాయస్థానం ఎనిమిది మహా పథకాలను పరిశీలించింది. వాటి మొత్తం విలువ దాదాపు 5,400 కోట్ల యూరోలు. సగటు ఆలస్యం 11 ఏళ్లు. మొదటి అంచనా కంటే పెరిగిన ఖర్చు 47 శాతం. అందులో రైల్ బాల్టికా ఉంది, ఆస్ట్రియా, ఇటలీ మధ్య బ్రెన్నర్ సొరంగం ఉంది, ఫ్రాన్సు, ఇటలీ మధ్య లియోన్–టురిన్ ఉంది, డెన్మార్క్, జర్మనీ మధ్య ఫెమార్న్ బెల్ట్ ఉంది. కాబట్టి బాల్టిక్ దేశాలను మాత్రమే తప్పుపట్టడం న్యాయం కాదు.

---

ఎదురు_ప్రశ్న

పై లెక్కలు చదివాక నాకు కోపమే వచ్చింది. 580 కోట్లు అని చెప్పి 2,380 కోట్లకు తీసుకువెళ్లినవాళ్లను ఎవరూ ప్రశ్నించరా? తక్కువ అంచనా చూపించి ఒప్పించడం, మొదలయ్యాక ఆపలేని స్థితికి తేవడం, ఆపైన అసలు ఖర్చు చెప్పడం. ఇది అన్ని దేశాల్లో చూస్తున్నదే. టురిన్ దగ్గర సూసా లోయ ప్రజలు దశాబ్దాలుగా లియోన్–టురిన్ సొరంగాన్ని వ్యతిరేకిస్తున్నారు. 1871లో కట్టిన ఫ్రేజుస్ సొరంగం పక్కనే ఉంది కదా, దాన్ని పూర్తిగా వాడకుండా 57 కిలోమీటర్లు కొత్తగా తవ్వడం ఎందుకని వాళ్లు అడిగేది న్యాయమైన ప్రశ్న. వాళ్లను అభివృద్ధికి అడ్డుపడేవాళ్లని కొట్టిపారేయడం నాకు నచ్చదు.

ఉన్న లైన్లను బాగుచేస్తే, సిగ్నళ్లు ఒకే రకంగా చేస్తే, ఈ ఖర్చులో పావువంతుతో సగం ప్రయోజనం రాదా?

---

సరుకు_బండి

ఎదురు_ప్రశ్న గారూ, ఉన్న లైనునే నమ్ముకుంటే ఏమవుతుందో 2017 ఆగస్టులో నేను కళ్లారా చూశాను. అప్పుడు బాసెల్‌లో ఒక చిన్న సరుకు రవాణా సంస్థలో పనిచేసేవాడిని.

ఆగస్టు 12న జర్మనీలో రాష్టాట్ ఊరి దగ్గర, నడుస్తున్న లైను కింద కొత్త సొరంగం తవ్వుతుండగా పైన పట్టాలు కుంగిపోయాయి. అది రైన్ లోయ మార్గం. రోటర్‌డామ్ రేవు నుంచి ఇటలీ దాకా సరుకు వెళ్లే రాజమార్గం. రోజుకు 200 దాకా సరుకు రైళ్లు నడిచేవి. ఒక్కసారిగా అన్నీ ఆగిపోయాయి. అక్టోబరు 2 దాకా లైను తెరవలేదు. మా గోడ మీద పెద్ద పటం ఉండేది. మా అధికారి ఎర్ర పెన్సిలు తీసుకుని దారి మళ్లించే గీతలు గీయడం, ఫోను చేయడం, తల అడ్డంగా ఊపి చెరిపేయడం. మూడు రోజులు అదే పని. ఫ్రాన్సు వైపు పట్టాలు ఖాళీగానే ఉన్నాయి. కానీ అక్కడ బండి నడపాలంటే డ్రైవరుకు ఫ్రెంచి రావాలి, ఇంజను ఆ దేశపు కరెంటుకు, సిగ్నళ్లకు సరిపోవాలి. మా దగ్గరున్న డ్రైవర్లకు జర్మన్ వచ్చు, ఫ్రెంచి రాదు. ఒక ఔషధ కర్మాగారం నుంచి గంటకోసారి ఫోను. ఏం చెప్పాలో తెలియక నేను ఫోను ఎత్తడానికి భయపడిన రోజులు అవి.

ఆ 51 రోజుల్లో నష్టం 200 కోట్ల యూరోలు దాటిందని సరుకు రైల్వే సంఘాలు చేయించిన అధ్యయనం తేల్చింది. కాబట్టి రెండో దారి అనేది విలాసం కాదు. మీరు చెప్పిన ఫ్రేజుస్ లైను కూడా 2023 ఆగస్టు చివర కొండచరియ పడి మూతబడింది. తిరిగి తెరిచింది 2025 మార్చి ఆఖరున. ఏడాదిన్నర పైన.

అయితే మీ మాటలో సగం నేను ఒప్పుకుంటాను. భాష, సిగ్నళ్లు, కరెంటు కలపడానికి కాంక్రీటు అక్కర్లేదు. వాటికి శిలాఫలకం ఉండదు, ప్రారంభోత్సవం ఉండదు. అందుకే వెనకబడ్డాయి.

---

పట్టాల_పెద్దాయన

ఇసార్_తీరం అమ్మా, బ్రెన్నర్ గురించి ఒక ప్రశ్న. పాత లైను ఎత్తుపల్లాలు ఎంత? మేము గోవా సరిహద్దులో కాజిల్ రాక్ దగ్గర 37కి ఒకటి వాలు మీద వెనక బ్యాంకర్ ఇంజన్లు తగిలించి తోసేవాళ్లం. బ్రేకు చూసుకోవడం ప్రాణాల మీదకు వచ్చేది. కొత్త సొరంగం ఆ వాలు తీసేయడానికే అయితే ఆ ఖర్చుకు అర్థముందని నేనంటాను.

---

ఇసార్_తీరం

సరిగ్గా అందుకేనండీ. 1867లో వేసిన పాత లైను 1,371 మీటర్ల ఎత్తున్న కనుమ దాకా ఎక్కుతుంది. వాలు వెయ్యికి 26 దాకా, అంటే మీ లెక్కలో దాదాపు 38కి ఒకటి. బరువైన సరుకు రైలుకు రెండు మూడు ఇంజన్లు కావాలి. పైకి వెళ్లాక సరిహద్దులో కరెంటు మారుతుంది. ఆస్ట్రియా వైపు 15 వేల వోల్టులు, ఇటలీ వైపు 3 వేలు. కొత్త సొరంగంలో అత్యంత ఎత్తయిన చోటు 794 మీటర్లే. ఇన్స్‌బ్రుక్ నుంచి ఫోర్టెజ్జా దాకా 55 కిలోమీటర్లు, దాదాపు చదునుగా.

పక్కనే ఉన్న రహదారి మీద ఏటా 20 లక్షలకు పైగా లారీలు వెళ్తాయి. ఆ లోయలో మా స్నేహితురాలి ఇల్లు ఉంది. రాత్రి పడుకుంటే మంచానికి సన్నని అదురు తెలుస్తుంది. కిటికీ గడప తుడిచిన మర్నాటికి మళ్లీ నల్లగా అవుతుంది. ఆ ఊళ్లవాళ్లు ఈ సొరంగం కోసం ఎంత ఎదురుచూస్తున్నారో ఆ ఇంట్లో ఉంటే తెలుస్తుంది.

2025 సెప్టెంబరు 18న రెండు వైపుల నుంచి తవ్విన పరిశీలన సొరంగం సరిహద్దు కింద కలిసింది. రెండు దేశాల ప్రధానులు అక్కడే ఉన్నారు. ఆ రోజు మా ఆఫీసులో అందరం తెర ముందు నిలబడి చూశాం. ప్రధాన సొరంగాలు 2032లో తెరవాలి.

ఇప్పుడు నా మనసును తొలిచే విషయం చెబుతాను. సొరంగం నుంచి ఉత్తరానికి వచ్చే రైళ్లు జర్మనీలోకి రావాలి. రోజెన్‌హైమ్ వైపు నాలుగు పట్టాల మార్గం ఇంకా కాగితాల మీదే ఉంది. 2040ల కంటే ముందు పూర్తికాదు. కొత్త మార్గంలో సగానికి పైగా సొరంగాలే ప్రతిపాదించినా ఊళ్లలో వ్యతిరేకత తగ్గలేదు. వాళ్ల సభలకు నేను వెళ్లాను. ఒక రైతు లేచి, మా తాతల పొలం రెండు ముక్కలైతే ఆవులు ఎటు మేయాలి అని అడిగాడు. నా దగ్గర ఉన్న పటంలో ఆ పొలం ఒక చిన్న పచ్చ గడి మాత్రమే. జవాబు చెప్పడానికి నాకు కొంత సమయం పట్టింది. ఇటలీ, ఆస్ట్రియా ప్రజలు వెయ్యి కోట్ల యూరోలకు పైగా పెట్టి కొండ కింద దారి చేస్తే, ఆ దారి మా ఇంటి ముందు ఇరుకు సందులో ఆగుతుంది. జర్మనీ పన్ను కట్టే మనిషిగా నాకు ఇది బాధ కలిగిస్తుంది.

గోట్హార్డ్ విషయంలోనూ ఇదే జరిగింది. స్విట్జర్లాండ్ సమాఖ్యలో లేదు. 1992లో, 1998లో ప్రజల ఓటు తీసుకుని, లారీల మీద బరువును బట్టి రుసుము వేసి, 57 కిలోమీటర్ల సొరంగాన్ని 2016 జూన్ 1న తెరిచింది. దానికి అతికే కార్ల్స్‌రూ–బాసెల్ మార్గం విస్తరణకు జర్మనీ 1996లో లుగానోలో సంతకం చేసింది. అది ఇప్పటికీ పూర్తి కాలేదు. రాష్టాట్ సొరంగం ఆ విస్తరణలో భాగమే.

---

ఒరెసుండ్_దాటి

ఉమ్మడి నిధి మీదే ఆధారపడకుండా చేసిన పద్ధతి ఒకటి ఉంది. నేను స్వీడన్‌లోని మాల్మోలో ఉంటూ డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్‌లో పనిచేస్తాను. రోజూ నేను దాటే ఒరెసుండ్ వంతెన 2000 జూలై 1న తెరిచారు. డెన్మార్క్, స్వీడన్ చెరి సగం యజమానులు. ప్రభుత్వాల హామీతో అప్పు తెచ్చి కట్టారు, కార్ల టోలు, రైల్వే రుసుములతో ఆ అప్పు తీరుస్తున్నారు. సాధారణ పన్నుల నుంచి కాకుండా, దాటేవాడే కడతాడు.

డెన్మార్క్ ఇప్పుడు ఫెమార్న్ బెల్ట్ దగ్గర అదే చేస్తోంది. జర్మనీ దాకా సముద్రం అడుగున 18 కిలోమీటర్ల సొరంగం. ఒక్కోటి 217 మీటర్ల పొడవు, 73,000 టన్నుల బరువున్న కాంక్రీటు పెట్టెలను తీరాన పోతపోసి, నీళ్ల మీద లాక్కెళ్లి దించాలి. సొరంగం ఖర్చు బాధ్యత అంతా డెన్మార్క్‌దే. సమాఖ్య గ్రాంటు కొంత ఉంది. హాంబర్గ్ నుంచి కోపెన్‌హాగన్‌కు రైలు ప్రయాణం దాదాపు ఐదు గంటల నుంచి రెండున్నర గంటలకు తగ్గుతుంది. 2029 అన్న గడువు జారిపోయింది. అక్కడ కూడా జర్మనీ వైపు అతికే లైను ఆ గడువుకు సిద్ధం కాదని 2025లో తేలిపోయింది.

వంతెన కట్టినంత మాత్రాన సరిహద్దు పోదని కూడా మేము నేర్చుకున్నాం. 2016 జనవరిలో స్వీడన్ గుర్తింపు కార్డుల తనిఖీ పెట్టింది. విమానాశ్రయం స్టేషనులో దిగి, మెట్లెక్కి, వరుసలో నిలబడి, కార్డు చూపించి మళ్లీ బండి ఎక్కేవాళ్లం. మా పాపను బడి నుంచి తీసుకురావడానికి రోజూ ఆలస్యమయ్యేది. ఉద్యోగం మానేద్దామా అని ఆ ఏడాది చాలాసార్లు అనుకున్నాను.

---

లెక్కల_పద్దు

టోలు పద్ధతి అన్ని చోట్లా నిలబడదు. ఫ్రాన్సు, స్పెయిన్ మధ్య పెర్పిన్యాన్–ఫిగెరస్ లైను చూడండి. 44 కిలోమీటర్లు, పిరనీస్ కొండల కింద 8 కిలోమీటర్ల సొరంగంతో సహా. ప్రైవేటు గుత్తకు ఇచ్చారు. నిర్మాణం 2009లో అయింది. కానీ బార్సిలోనా నుంచి ఫిగెరస్ దాకా స్పెయిన్ వేయాల్సిన వేగపు లైను 2013 జనవరి దాకా తెరవలేదు. అప్పటిదాకా కొత్త సొరంగం రెండో కొనకు వేగపు లైను అతకలేదు. అనుకున్నన్ని రైళ్లు రాలేదు. అప్పు పెరిగింది. సంస్థ దివాలా తీసింది. 2016 చివర రెండు ప్రభుత్వాలే దాన్ని తమ చేతుల్లోకి తీసుకున్నాయి.

ఒరెసుండ్‌కు రెండు ఒడ్డులా పెద్ద నగరాలున్నాయి, రోజూ వేల మంది దాటుతారు. బాల్టిక్ దేశాలు మూడూ కలిపినా జనాభా మన హైదరాబాద్ నగరమంత ఉండదు. అక్కడ టోలుతో అప్పు తీరదు. ఉమ్మడి డబ్బే దిక్కు.

---

ఎదురు_ప్రశ్న

రాష్టాట్ సంగతి నాకు తెలియదు. సరుకు_బండి గారికి ధన్యవాదాలు. రెండో దారి అవసరమన్నది ఒప్పుకుంటున్నాను. అంచనాల విషయంలో మాత్రం నా మాట మార్చుకోను.

ఇంకొకటి అడగాలి. 2028 నుంచి మొదలయ్యే తర్వాతి బడ్జెట్టు కోసం 2025 జూలైలో ఐరోపా కమిషన్ చేసిన ప్రతిపాదనలో రవాణాకు 5,150 కోట్ల యూరోలు ఉన్నాయి. అందులో దాదాపు 1,760 కోట్లు సైన్యం రాకపోకల కోసం. ఇంతకుముందు దాని పదో వంతే ఉండేది. ట్యాంకు మోసే వంతెన వేరు, పిల్లలు బడికి వెళ్లే రైలు వేరు కదా. ఈ డబ్బు చివరికి ప్రజల ప్రయాణానికి ఉపయోగపడుతుందా?

---

రీగా_కుర్రవాడు

ఎదురు_ప్రశ్న గారూ, దూరం నుంచి చూస్తే నాకూ అలాగే అనిపించేది. ఇక్కడ ఉంటే వేరుగా ఉంటుంది. మా పక్కింటి అవ్వకు ఎనభై దాటాయి. ఆమె పుట్టినప్పుడు ఈ ఊరు ఎవరి చేతిలో ఉందో, పెళ్లినాటికి ఎవరి చేతిలో ఉందో చెబుతుంది. ఒకసారి టీ తాగుతూ, రైలు పట్టాలు ఎటు వెళ్తే జనం అటే వెళ్లాల్సి వచ్చింది నాయనా అంది. ఆమె దృష్టిలో ఈ కొత్త లైను దక్షిణానికి, వార్సా వైపు వెళ్తుంది. అది చాలు ఆమెకు.

2025 ఫిబ్రవరిలో మూడు బాల్టిక్ దేశాలూ రష్యా, బెలారస్‌ల కరెంటు వలయం నుంచి విడిపోయి, పోలండ్ మీదుగా ఐరోపా వలయంలో కలిశాయి. ఆ పనికి కూడా సమాఖ్య డబ్బే వచ్చింది. అనుకున్న రోజుకు అయింది. మూడు దేశాలు కలిసి పనిచేయగలవని నేను నమ్మేది అందుకే.

బరువు మోసే వంతెన మీద సరుకు బండి కూడా వెళ్తుంది కదా. ఒక్కో ఇరుసు మీద 22.5 టన్నులు మోయగల మార్గం రెండింటికీ అవసరమే.

---

సరుకు_బండి

ఉక్రెయిన్‌లో చోప్ నుంచి ఉజ్‌హొరోద్ దాకా 22 కిలోమీటర్లు 1435 కొలత లైను 2025 సెప్టెంబరులో తెరిచారు. 22 కిలోమీటర్లే. కానీ యుద్ధం నడుస్తుండగా వేశారు. ఇప్పుడు ఉజ్‌హొరోద్‌లో ఎక్కినవాడు సరిహద్దులో బండి మారకుండా హంగేరీ దాకా వెళ్లవచ్చు. 2022లో నల్లసముద్రం రేవులు మూసుకుపోయినప్పుడు గోధుమలు సరిహద్దు దగ్గర గేజి మార్పు కోసం వారాలు నిలబడటం చూశాక, ఈ చిన్న ముక్క విలువ నాకు తెలుసు.

---

పట్టాల_పెద్దాయన

మా వైపు మాట ఒకటి. మా అమ్మాయి ఊరు నెల్లూరు. జాతీయ రహదారి 16 మీద వెళ్తుంటే ఏ.హెచ్. 45 అని పలకలు కనిపిస్తాయి. కోల్‌కతా నుంచి విశాఖ, విజయవాడ, నెల్లూరు మీదుగా చెన్నై వెళ్లే ఆసియా రహదారి అది. 32 దేశాలు, 1,40,000 కిలోమీటర్లకు పైగా. ఒప్పందం 2005లో అమల్లోకి వచ్చింది. పటం ఉంది, సంఖ్యలు ఉన్నాయి, కొలతలు ఉన్నాయి. ఉమ్మడి సంచి మాత్రం లేదు. ఏ దేశం రోడ్డు ఆ దేశం తన డబ్బుతో తనకు కావలసినప్పుడు వేసుకుంటుంది. అందుకే అది పలక మీద పేరుగానే ఉండిపోయింది. ఐరోపావాళ్లు ఆలస్యం చేస్తున్నారని మనం అంటున్నాం కానీ, పక్క దేశంలో సొరంగానికి తన పన్ను డబ్బు ఇవ్వడానికి ఒప్పుకున్న ప్రజలను నేను మొదటిసారి చూస్తున్నాను.

---

ఇసార్_తీరం

పెద్దాయన గారి మాట నాకు ఓదార్పుగా ఉంది. నిజంగా.

నన్ను అడిగితే రెండు మార్చాలి. సరిహద్దు సొరంగం మొదలుపెట్టిన రోజే దానికి అతికే లైన్లకు కూడా గడువు, డబ్బు ఒకే ఒప్పందంలో రాయాలి. సొరంగానికి ఇచ్చే గ్రాంటులో కొంత భాగం ఆ అతికే లైను పూర్తయ్యాకే విడుదల కావాలి, అదీ ఆలస్యం చేసిన దేశం ఖాతా నుంచే తగ్గేలా. ఇక రెండోది, ఉమ్మడి సంస్థకు నిజమైన అధికారం. బ్రెన్నర్ సంస్థ రెండు దేశాల్లోనూ తానే తవ్విస్తుంది. రైల్ బాల్టికాలో మాత్రం ఉమ్మడి సంస్థ ఒకటి, దాని పక్కన ప్రతి దేశానికి సొంత అమలు సంస్థ ఒకటి, పైన మూడు మంత్రిత్వ శాఖలు. ఒక నిర్ణయం ఎన్ని బల్లల మీదుగా వెళ్లాలో ఊహించుకోండి. 2013 నుంచి ఈ మాట మా రంగంలో చాలామంది అంటున్నారు. ఇంకా అంటూనే ఉంటాం.

---

లెక్కల_పద్దు

మొదటిదానికి దేశాలు ఒప్పుకోవు, 172వ అధికరణ చూపిస్తాయి. అయినా రాయాల్సిన మాటే రాశారు.

---

రీగా_కుర్రవాడు

అందరికీ కృతజ్ఞతలు. డబ్బు ఉంది కదా అనుకుని మొదలుపెట్టాను. ఏడేళ్ల సంగతి, అతికే లైన్ల సంగతి నాకు అసలు తెలియదు. వచ్చే నెల మళ్లీ వార్సా వెళ్తున్నాను. పగటి బండి తీసుకుని, బియాలిస్తోక్ తర్వాత పోలండ్ వైపు పనులు ఎంతవరకు వచ్చాయో చూసి ఇక్కడ రాస్తాను.

---

పట్టాల_పెద్దాయన

వెళ్తే ఒక్కటి చూసి చెప్పు బాబూ. అక్కడ సరుకు ఎక్కడ మారుస్తారు? షెడ్డు ఉందా? మనుషులు మోస్తున్నారా?

---

సరుకు_బండి

షెష్టోకైలో సార్. మొకావాకు దగ్గరే. రెండు కొలతల పట్టాలు పక్కపక్కన ఉంటాయి. కంటైనర్లను క్రేను ఎత్తి అటు నుంచి ఇటు పెడుతుంది.

---

పట్టాల_పెద్దాయన

క్రేనా. మంచిది. మా రోజుల్లో వీపులే. వీలైతే ఆ పట్టాల ఫొటో ఒకటి పెట్టు బాబూ, రెండు గేజిలూ కనిపించేలా. మా పాత యార్డు మిత్రులు ఇంకా నలుగురు ఉన్నారు, చూపిస్తాను.